కనిపించేది వేరు, అనిపించేది వేరు: ‘థింకింగ్ రొటీన్స్ టూల్‌బాక్స్’ తెలుగు తరగతి గదిలో

ఖర్చు సున్నా. కావలసింది ఒక నల్లబల్ల, మూడు నాలుగు ప్రశ్నలు, కాసేపు నోరు కట్టేసుకునే టీచరు. మొదటి రెండూ ఏ బడిలోనైనా దొరుకుతాయి.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ప్రాజెక్ట్ జీరో అనే పరిశోధన బృందం వాళ్లు తమ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టిన ‘థింకింగ్ రొటీన్స్ టూల్‌బాక్స్’ మీద ఈ సమీక్ష. పిల్లలకు ఆలోచించడం నేర్పాలని అందరూ అంటారు. ఎలా అని అడిగితే ‘ప్రశ్నలు వేయాలి, చర్చ జరపాలి’ దగ్గరే ఆగిపోతారు. ఆ ‘ఎలా’కు ఒక్కొక్క కాగితమంత జవాబులు, అంటే మూడు నాలుగు ప్రశ్నలతో ఆలోచనను నడిపించే ‘రొటీన్ల’ కార్డులు, ఈ పెట్టెలో ఉన్నాయి. తీర్పు ముందే చెప్పేస్తాం: ఉన్నవన్నీ వాడాలని చూస్తే వృథా, నాలుగు ఎంచుకుని ఏడాదంతా అవే వాడితే బంగారం. ఇంగ్లిష్ కార్డును ఉన్నదున్నట్టు తెలుగులోకి దించితే మాత్రం సగం చెడుతుంది. ఈ సమీక్షలో ఎక్కువ చోటు ఆ చెడే సగానికే.

ప్రాజెక్ట్ జీరో 1967లో హార్వర్డ్ విద్యాశాస్త్ర విభాగంలో పుట్టింది. మొదలుపెట్టింది నెల్సన్ గుడ్‌మన్ అనే తత్వవేత్త. కళలు నేర్చుకోవడం గురించి గట్టిగా తేలిన జ్ఞానం సున్నా, కాబట్టి సున్నా నుంచే మొదలుపెడదామని ఆ పేరు. తర్వాత డేవిడ్ పెర్కిన్స్, హోవర్డ్ గార్డ్‌నర్ చాలా ఏళ్లు నడిపారు. ఈ రొటీన్లలో తొలి తరంవి 2000 తర్వాత స్వీడన్‌లోని లెమ్‌షాగా అకాడమీ అనే బడితో కలిసి తయారయ్యాయి. ఈ పుట్టుపూర్వోత్తరాలతో టీచరుకు పనుంది. కళల వైపు నుంచి వచ్చిన సరుకు కనుక బొమ్మో వస్తువో కథో ఎదురుగా ఉంటే ఇవి పరుగెడతాయి, వర్గ సమీకరణం ఎదురుగా పెడితే కుంటుతాయి. లెక్కల మాస్టార్లు ఆశ కొంచెం తగ్గించుకుని లోపలికి రావాలి.

సైట్‌లో రొటీన్లను ఆలోచన రకాన్ని బట్టి విభాగాలు చేశారు: మొదటిసారి వాడేవాళ్లకు కొన్ని, లోతుగా తవ్వడానికి కొన్ని, వస్తువులూ వ్యవస్థలూ విప్పి చూడటానికి కొన్ని, ఎదుటివాళ్ల వైపు నుంచి చూడటానికి కొన్ని. ఒక్కో రొటీన్‌కు ఒకటి రెండు పేజీల పీడీఎఫ్. పైన మూడో నాలుగో ప్రశ్నలు, కింద ఎందుకు వాడాలి, ఎప్పుడు వాడాలి, ఎలా మొదలుపెట్టాలి అని నాలుగు మాటలు. అంతే. అందులో పాఠం లేదు, వర్క్‌షీట్ లేదు, మార్కుల పట్టిక లేదు. మన టీచర్లకు మొదట చప్పగా అనిపించేది ఇక్కడే. ‘ఇంతేనా?’ అంటారు. రొటీన్ అంటే అంతే. హాజరు పిలవగానే ‘ప్రెజెంట్ సార్’ అన్నంత అలవాటుగా, బొమ్మ చూపగానే పిల్లలు వాళ్లంతట వాళ్లు ‘ముందు ఏం కనిపిస్తోంది’ అని మొదలుపెట్టాలి. కార్డు చిన్నదిగా ఉన్నది ఆ అలవాటు కోసమే.

ఆ దారి పట్టడానికి మంచి మొదటి మెట్టు ‘సీ, థింక్, వండర్’. చిన్న తరగతుల నుంచి ఇంటర్ దాకా పనిచేస్తుంది, పైగా తెలుగులో ఇంగ్లిష్‌లో కంటే బాగా కుదురుతుంది. ‘ఏం కనిపిస్తోంది? ఏం అనిపిస్తోంది?’ అని మన భాషే పక్కపక్కన పెట్టి ఇచ్చింది. కంటికి దొరికింది ఒకటి, దాని మీద మనసు కట్టుకున్నది ఇంకొకటి. ఈ రొటీన్ నేర్పదలచుకున్నదంతా ఈ తేడానే. ఒక్క అక్షరం మారితే అర్థం మారే జంట కనుక మూడో తరగతి పిల్లవాడికి కూడా రెండో రోజుకే పట్టుబడుతుంది.

తంటా మూడో ప్రశ్నతో. ‘వండర్’ కోసం నిఘంటువు తెరిస్తే ‘ఆశ్చర్యం’ దొరుకుతుంది. ‘మీకు ఏమి ఆశ్చర్యం కలిగింది?’ అని అడిగారో, ‘ఏం లేదు టీచర్’ అనే జవాబు ఖాయం. అక్కడ కావలసింది తెలుసుకోవాలన్న దురద, నోరెళ్లబెట్టడం కాదు. ‘ఇంకా ఏం తెలుసుకోవాలని ఉంది?’ అని అడిగితే ప్రశ్నలు రాలతాయి. రెండో ప్రశ్నలో కూడా చిన్న గుంట ఉంది. ‘అనిపిస్తోంది’ అనే మాటలో ఆలోచనా ఉంది, భావమూ ఉంది. అందుకే ‘బాగుందనిపిస్తోంది’, ‘జాలిగా అనిపిస్తోంది’ లాంటి జవాబులు వస్తాయి. కొట్టిపారేయకుండా వెంటనే ఇంకో ప్రశ్న అందించాలి. బొమ్మ అయితే ‘అక్కడ ఏం జరుగుతోందనుకుంటున్నావు?’, వస్తువైతే ‘ఇది ఇలాగే ఎందుకు ఉందనుకుంటున్నావు?’

ఏ బొమ్మ పెడతారన్నదాని మీద సగం పీరియడ్ ఆధారపడి ఉంటుంది. చార్మినార్ ఫొటో పెడితే రెండో సెకనులో ‘చార్మినార్!’ అని అరుస్తారు, చూడటం అక్కడితో అయిపోతుంది. పేరు దొరికితే కన్ను పని మానేస్తుంది. పేరు తెలియనిదైనా పెట్టాలి, తెలిసినదాన్నే ఒక మూల మాత్రం కనిపించేలా కత్తిరించైనా పెట్టాలి. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన చిత్రాలు దీనికి అచ్చంగా సరిపోతాయి. నిండా మనుషులు, చీరల మీద రకరకాల అంచులు, మగవాళ్ల నెత్తిన పొడవాటి టోపీలు. కథ పిల్లలకు తెలియదు కనుక కళ్లే పని చేయాలి. టోపీ గురించి ప్రశ్న పుట్టాక ‘దాన్ని కుళ్లాయి అనేవాళ్లు’ అని తెలుగు మాస్టారు ఆ మాట అందిస్తే పాతుకుపోతుంది. ముందే బోర్డు మీద రాసిపెడితే అది ఇంకో కఠిన పదం, అంతే.

45 నిమిషాల పీరియడ్‌లో ఇలా నడపండి. బొమ్మ చూపించి 2 నిమిషాలు పూర్తి మౌనం, చేతిలో పెన్ను కూడా వద్దు. తర్వాత కనిపించినవాటికి 8 నిమిషాలు, అనిపించినవాటికి 10, ప్రశ్నలకు 8. మిగతాది పాఠంలోకి వెళ్లడానికి. బోర్డు మీద మూడు గడులు గీసి పెట్టుకోవాలి. మొదటి గడిలో ఎవరైనా ‘రాజు’ అంటారు, తప్పకుండా అంటారు. రాజు కనిపించడు, కిరీటం కనిపిస్తుంది. ‘తప్పు’ అనకండి. ‘ఏం కనిపించి రాజు అనుకున్నావు?’ అని అడిగి, కిరీటాన్ని మొదటి గడిలో, రాజును రెండో గడిలో రాసి మధ్య ఒక గీత గీయండి. ఆ గీతే ఆ రోజు పాఠం. 50 మంది ఉన్న గదిలో అందరి జవాబులూ వినడం జరగని పని. ఇద్దరిద్దరుగా మాట్లాడుకోనిచ్చి జంటకొక జవాబు చొప్పున, చెప్పింది మళ్లీ చెప్పకూడదన్న ఒక్క షరతుతో తీసుకుంటే పదిహేను దాకా వస్తాయి. ఇద్దరిద్దరుగా మాట్లాడించే పద్ధతికి కూడా ఇందులో వేరే కార్డు ఉంది. దాని మూలం 1981లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ లైమన్ ప్రతిపాదించిన పద్ధతి.

ఇక పెట్టె మొత్తంలో పదునైన పనిముట్టు, మన దగ్గర బెడిసికొట్టే పనిముట్టు ఒకటే: ‘వాట్ మేక్స్ యూ సే దట్?’ పేరులో ఉన్న ప్రశ్నే రొటీన్. పిల్లవాడు ఏదైనా అన్నాక ఆ ప్రశ్న అడగడమే పని. దీన్ని ‘ఎందుకలా అన్నావు?’ అని తెలుగు చేస్తే గదిలో ఏమవుతుందో ఏ టీచరైనా ఊహించగలరు. పిల్లవాడు తల దించుకుని ‘సారీ టీచర్’ అంటాడు, లేదా జవాబు మార్చేస్తాడు. మన బళ్లలో జవాబు తప్పయితేనే ‘ఎందుకు’ అని అడుగుతారు, ఒప్పయితే ‘గుడ్, కూర్చో’. ఏళ్ల తరబడి అలా పెరిగిన చెవికి ‘ఎందుకలా అన్నావు’ అంటే నిలదీసినట్టే. ‘దేన్ని చూసి అలా అనుకున్నావు?’ అని అడగండి. తప్పు పట్టడం పోయి వెతకడం వస్తుంది, పిల్లవాడి చూపు మీ ముఖం మీద నుంచి బొమ్మ మీదికి మళ్లుతుంది. బొమ్మ లేని పాఠమైతే ‘ఏ మాటను బట్టి?’ అనో, ‘ఏ లెక్కను బట్టి?’ అనో మార్చుకోవచ్చు. పిన్నల దగ్గర ఇంకా మెత్తగా కావాలంటే ‘అది నాకూ చూపించవా?’ చాలు. ఇంకో షరతు, ఒప్పు జవాబుకు కూడా ఇదే ప్రశ్న, అదే గొంతుతో అడగాలి. రెండు వారాలు ఇలా నడిచాక గాని ఆ ప్రశ్నంటే బెదురు పోదు.

అడిగాక ఎంతసేపు ఆగాలన్నది కార్డులో నిమిషాలు, సెకన్లు కట్టి చెప్పరు. ఇది వేరే చోటి నుంచి అరువు తెచ్చుకోవాలి. 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు సైన్స్ తరగతులను రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకు, ఆ పైకి పెంచితే జవాబుల పొడుగు పెరిగింది, ‘తెలీదు’లు తగ్గాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. మూడు సెకన్లు చెప్పడానికి తేలికే. ముందు వరసలో నాలుగు చేతులు లేచి ‘నేను సార్, నేను సార్’ అంటుండగా ఆగి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది. ఆ మూడు సెకన్లూ చేతులెత్తవద్దని చెప్పేయడమే మేలు.

సైన్స్, సోషల్ టీచర్లకు ఈ పెట్టెలోంచి ఒక్కటే తీసుకోమంటే ‘క్లెయిమ్, సపోర్ట్, క్వశ్చన్’ తీసుకోమంటాం. ఒక మాట అను, దానికి ఆధారం చూపు, ఆ మాట మీదే ఒక ప్రశ్న వెయ్యి. తెలుగులో క్లెయిమ్‌ను ‘వాదన’ అంటే పిల్లలు రెండు జట్లుగా విడిపోయి గెలవడానికి చూస్తారు. ‘చెప్పేది, ఆధారం, తేలనిది’ అని బోర్డు మీద మూడు మాటలు రాస్తే గొడవ ఉండదు. ‘తేలనిది’ అన్నది ముఖ్యం. ఆధారం చూపగానే అయిపోయిందనుకోవడం మనకు పరీక్ష పేపర్లు నేర్పిన అలవాటు.

దీనికి బాగా పనికొచ్చే కేసు ఒకటి. చెట్టు ఇంత బరువు ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? ‘మట్టిలోంచి’ అంటుంది తరగతి, ఏకగ్రీవంగా. వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త 17వ శతాబ్దంలో సుమారు 90 కిలోల ఎండిన మట్టిని తొట్టిలో పోసి, రెండు కిలోల పైచిలుకు విల్లో మొక్కను నాటి ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు దాదాపు 77 కిలోలయింది. మట్టి తగ్గింది 60 గ్రాముల లోపు. ఈ అంకెలు బోర్డు మీద వేసి మూడు గడులూ నింపమనండి. ‘మట్టిలోంచి కాదు’ అన్నదానికి ఆధారం బల్లగుద్దినట్టు ఉంది. ‘అయితే అంతా నీళ్లే’ అని హెల్మాంట్ తేల్చాడు, పిల్లలూ అదే తేలుస్తారు. ఇక మూడో గడి. ‘తొట్టి చుట్టూ ఇంకేం ఉంది?’ అని ఏ పిల్లో అడిగేదాకా టీచరు నోరు మెదపకూడదు. గాలి అని, కార్బన్ డయాక్సైడ్ అని పాఠం అక్కడ మొదలవుతుంది. ఆధారం గట్టిగా ఉన్నా దాని మీద కట్టిన మాట తప్పు కావచ్చన్నది పిల్లలకు కళ్లముందు కనబడే ఉదాహరణలు అరుదు. ఇది దొరికాక వదులుకోకండి. పదో తరగతి కిరణజన్య సంయోగక్రియ పాఠానికి ముందు పీరియడ్‌లో పెట్టాలి. పాఠం అయ్యాక పెడితే జవాబు తెలిసిన పొడుపు కథే.

‘ఐ యూజ్డ్ టు థింక్, నౌ ఐ థింక్’ను కూడా ఇదే పాఠానికి జత చేయవచ్చు, ఒక్క జాగ్రత్తతో. పాఠం చివర ‘మొదట ఏమనుకున్నారు, ఇప్పుడేమనుకుంటున్నారు’ అని అడిగితే ముప్పాతిక మంది ‘మొదట నాకు తెలీదు, ఇప్పుడు తెలిసింది’ అని రాస్తారు. అది అబద్ధం కూడా, మొదట ‘మట్టి’ అన్నారు కదా. మొదటి రోజే ఆ మాటను చీటీ మీద రాయించి, పేరు వేయించి, దాచి, చివర చేతికివ్వాలి. తన చేతిరాతతో ‘మట్టి’ అని ఉన్న కాగితం చూశాక ఎవరూ ‘తెలీదు’ అని రాయలేరు. కార్డులో ఈ చీటీ సంగతి లేదు.

ఎదుటివాళ్ల వైపు నుంచి చూసే రొటీన్లలో ‘సర్కిల్ ఆఫ్ వ్యూపాయింట్స్’ మన సాంఘిక శాస్త్రానికి బాగా పొసుగుతుంది. విషయం చుట్టూ ఎవరెవరు ఉన్నారో ముందు జాబితా వేయాలి, ఒక్కొక్కరు ఒక్కొక్కరి చోట నిలబడి మాట్లాడాలి, వాళ్ల తరఫునే ఒక ప్రశ్న అడగాలి. నాగార్జునసాగర్ తీసుకోండి. 1955లో శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్లు. ‘సాగర్ వల్ల లాభాలు రాయుము’ అంటే గైడులో ఐదు పాయింట్లు ఉన్నాయి. చుట్టూ ఎవరున్నారని అడిగితే? కుడి కాలువ కింద పల్నాడు రైతు, ఎడమ కాలువ కింద నల్లగొండ రైతు, కాలువ చివరి భూమి వాడు, ఊరు మునిగి వేరేచోటికి వెళ్లినవాడు, ఆనకట్టలో చేపలు పట్టేవాడు. వీళ్లతోపాటు 1954 నుంచి 1960 దాకా నీళ్లు వచ్చేలోపు నాగార్జునకొండ లోయ తవ్వి, దొరికిన కట్టడాలను కొండ మీదికి చేర్పించిన పురావస్తు శాఖ వాళ్లు. చేపకు, బుద్ధ విగ్రహానికి కూడా మాట ఇస్తామంటారు పిల్లలు. ఇవ్వనివ్వండి, కాని రెండింటికే.

ఇక్కడ చెడేది ఎక్కడంటే, అది నాటకమైపోతుంది. మునిగిన ఊరివాడి పాత్రకు ఏడుపు గొంతు, రైతుకు పైపంచె, గదంతా నవ్వులు. పాత్ర మాట్లాడే ముందు ఆ మనిషి గురించి రెండు నిజాలు చెప్పాలి, పాఠంలోంచో ఇంట్లో పెద్దవాళ్లను అడిగో తేవాలి అని నిబంధన పెట్టండి. ‘నేను ఎడమ కాలువ చివరి రైతును. నా పొలానికి నీళ్లు వచ్చేసరికి పైవాళ్ల నాట్లు అయిపోతాయి’ అనగలిగితే ఆ పిల్లకు కాలువంటే ఏమిటో తెలిసినట్టే. నిజాలు లేకుండా దృక్కోణాలు మార్పించడం వట్టి వేషాలు మార్పించడమే.

దీన్నే పెద్ద మాటల్లో చెప్పిన విమర్శ ఒకటి ఉంది. వర్జీనియా విశ్వవిద్యాలయంలోని మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ విల్లింగ్‌హామ్ చాలాకాలంగా చెబుతున్నది, విమర్శనాత్మక ఆలోచన అనేది సైకిల్ తొక్కడం లాంటి నైపుణ్యం కాదని, ఒకచోట నేర్చి ఇంకోచోట ఉపయోగించలేమని, విషయ జ్ఞానంతో ముడిపడి ఉంటుందని. ఈ టూల్‌బాక్స్ కొనుగోలుదారు, అంటే ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునేవారు, ఈ మాట జేబులో పెట్టుకోవాలి. ‘ఆలోచనా నైపుణ్యాలు’ అని టైమ్‌టేబుల్‌లో వేరే పీరియడ్ పెట్టి రొటీన్లు ఆడిస్తే సరదాగా ఉంటుంది, నిలవదు. పాఠంలోనే, పాఠం విషయం మీదే వాడాలి. ఆ విషయంలో ప్రాజెక్ట్ జీరో వాళ్లదీ అదే మాట, వాళ్ల రొటీన్లు పాఠంతో కలిపి వాడటానికే.

సన్నటి పరిశోధనలు చూపి ‘మార్కులు పెరుగుతాయి’ అని ఎవరైనా అమ్మజూస్తే నమ్మకండి. ఇంగ్లండ్‌లో పిల్లల చేత తాత్విక చర్చ చేయించే వేరే కార్యక్రమాన్ని 48 బళ్లలో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటిస్తే, చదువులో రెండు నెలలంత ముందడుగు కనిపించింది. తర్వాత మరింత పెద్దగా చేసిన పరీక్షలో చదవడంలో ఆ లాభం కనిపించలేదు. ఈ రంగంలో ఇది మామూలే. పిల్లలు ఎక్కువ మాట్లాడతారు, కారణాలు చెబుతారు, ఒకరి మాట ఒకరు వింటారు. దానికి సిద్ధమైతే వాడండి, ర్యాంకుల కోసమైతే వద్దు.

పోటీ సరుకుతో పోలిస్తే: ఆలోచించడం నేర్పే ఎడ్వర్డ్ డి బోనో ‘కోర్ట్’ (CoRT) పాఠాలు 60, పదేసి చొప్పున ఆరు భాగాలు, మొదటి భాగంతో మొదలుపెట్టాలి. ఒకే నిర్మాణం, టీచరుకు ఏ రోజు ఏం చేయాలో తెలుస్తుంది. మంచి, చెడు, ఆసక్తికరం అని ఏ విషయాన్నైనా మూడు వైపుల నుంచి చూడమనే దాని మొదటి పాఠం ఎవరైనా పది నిమిషాల్లో నేర్చుకోగలరు. కానీ అది పాఠ్యపుస్తకంతో సంబంధం లేని వేరే సబ్జెక్టు. సిలబస్ పూర్తి కాలేదని డిసెంబరులో చెమటలు పట్టే మన బళ్లకు హార్వర్డ్ కార్డులే నయం, పీరియడ్ అడగవు.

మిగతా రొటీన్ల మీద పొడిపొడిగా. వస్తువు భాగాలు, వాటి పనులు, చిక్కులు అని విప్పి చూసే రొటీన్‌కు బాల్‌పెన్ చాలు. రిఫిల్, గొట్టం, మూత అన్నాక ఎవరో ఒకరు మూత మీది బొక్క చూస్తారు. ఎందుకని అడిగితే అరగంట నడుస్తుంది. (పొరపాటున గొంతులో ఇరుక్కుంటే ఊపిరి ఆడటానికి. ముందే చెప్పకండి.) మూడు మాటలు, రెండు ప్రశ్నలు, ఒక పోలిక అని పాఠానికి ముందూ తర్వాతా రాయించే ‘త్రీ టూ వన్ బ్రిడ్జ్’లో ‘రూపకాలంకారం రాయండి’ అంటే వ్యాకరణ పరీక్ష అయిపోతుంది, ‘ఇది దేనిలా ఉంది?’ అనాలి. ‘కంపాస్ పాయింట్స్’ జోలికి వెళ్లకండి. ఇంగ్లిష్‌లో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం మొదటి అక్షరాలే నాలుగు ప్రశ్నలకు గుర్తులు. తెలుగులో ఆ అక్షరాలు పనిచేయవు, దిక్కుల బొమ్మ గీసి ఏ దిక్కుకు ఏ ప్రశ్నో బట్టీ పట్టించడం ఈ పెట్టె ఉద్దేశానికే విరుద్ధం.

‘చాక్ టాక్’ మాత్రం పెద్ద తరగతులకు వరం. పేరులో సుద్ద ఉన్నా కాగితం మీదే నయం. మధ్యలో ఒక ప్రశ్న రాసిన పెద్ద కాగితం చుట్టూ పిల్లలు నిలబడి, నోటితో ఒక్క మాట లేకుండా, రాతతోనే మాట్లాడుకుంటారు. ఒకరు రాసినదాని నుంచి గీత గీసి ఇంకొకరు జవాబిస్తారు. కాగితానికి ఆరుగురు మించవద్దు, ఎనిమిది మంది అయితే ఇద్దరు వెనక నిలబడి కబుర్లు మొదలుపెడతారు. 48 మందికి ఎనిమిది కాగితాలు, పది నిమిషాలు, తర్వాత పక్క కాగితం దగ్గరికి వెళ్లి ఐదు నిమిషాలు. చార్టులు కొనక్కర్లేదు, పాత గోడ క్యాలెండర్ల వెనక వైపు తెల్లగా ఉంటుంది. స్కెచ్ పెన్నులు వాడితే కిందికి దిగుతాయి, అడుగున పాత పేపరు వేసుకోండి. పిల్లకొక రంగు ఇస్తే ఎవరు రాశారో మీకు తెలుస్తుంది, అందుకే కొందరు రాయరు. భయపడే తరగతి అయితే అందరికీ ఒకే రంగు. నోరు విప్పని పిల్లలు ఏం ఆలోచిస్తున్నారో మొదటిసారి తెలిసేది ఈ కాగితాల మీదే. అక్షరదోషాలు దిద్దారో, రెండోసారి ఎవరూ రాయరు.

అన్నింటికీ కలిపి పెద్ద జబ్బు ఒకటుంది, రొటీన్‌ను నోటు పుస్తకం పనిగా మార్చేయడం. మూడు గడులు గీయించి, నింపించి, సంతకం పెట్టి, తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడం. మన పుస్తకాల్లో ‘ఆలోచించి, చర్చించి రాయండి’ అని పెట్టెలు ఉన్నాయి, వాటి ఉద్దేశం మంచిదే. అందులో చివరి మాట మొదటి రెండింటినీ మింగేసింది. జవాబు గైడులో అచ్చవుతుంది, పిల్లలు దించుకుంటారు. నిజానికి ఆ పెట్టెలే ఈ రొటీన్లకు తగిన చోట్లు. కొత్తగా బొమ్మలు వెతకక్కర్లేకుండా వారానికి ఒక పెట్టె తీసుకుని ‘చెప్పేది, ఆధారం, తేలనిది’ పెట్టి నోటితో నడిపితే సిలబస్‌లోనే ఉన్నట్టు. మార్కులు వేయకండి. వేశారంటే పిల్లలు ‘తేలనిది’ గడిలో కూడా తేలినదే రాస్తారు.

ఒక విషయం చివరికి, లైసెన్సు గురించి. ఈ కార్డుల మీద క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంటుంది. పేరు చెప్పి పంచుకోవచ్చు, అమ్ముకోకూడదు, మార్చినదాన్ని పంచకూడదు. అనువాదం కూడా మార్చడమే. మీ తరగతిలో బోర్డు మీద తెలుగు ప్రశ్నలు రాసుకోవడానికి అడ్డేమీ లేదు. కార్డు మొత్తాన్ని తెలుగు చేసి, రంగులద్ది, పీడీఎఫ్‌గా మండలం టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాలంటే మాత్రం ముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి. మూల కార్డులను ఏ4 కాగితం మీద నలుపు తెలుపులో ముద్రిస్తే చదవడానికి ఇబ్బంది లేదు. పిల్లలకు పంచడానికి కాదు, టీచరు టేబుల్ మీద పెట్టుకోవడానికి. పిల్లలకు కావలసింది బోర్డు మీది మూడు మాటలే, చివరి బెంచీకి కనపడేంత అక్షరాలతో.